మోంబత్తికీ మంటకీ మధ్య నీళ్లు

మన ఇళ్లలో మోంబత్తి అంటాం. పక్కింట్లో కొవ్వొత్తి అంటారు. కరెంటు పోతే రెండిళ్లలోనూ వెలిగేది ఒకటే వస్తువు. పేర్లలో మాత్రం రెండు వేరు వేరు తారీఖులు దాక్కుని ఉన్నాయి. ఫార్సీలో మోమ్ అంటే తేనెపట్టు నుంచి తీసిన మైనం. తెలుగు మాటలో ఉన్నది కొవ్వు, అంటే జంతువుల కొవ్వు. ఇక ముషాయిరాల్లో, గజళ్లలో వినే షమా అరబ్బీ మాట. అరబ్బీలో ఆ మాటకు అసల్ మానీ మైనమే. వత్తి వేసి వెలిగించాక కూడా అదే పేరుతో పిలిచారు. తమాషా ఏమంటే, ఇవాళ దుకాణంలో పది రూపాయలకు కొనే మోంబత్తిలో మామూలుగా తేనెటీగ మైనమూ ఉండదు, జంతువుల కొవ్వూ ఉండదు. అది పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్. లోపల లేని సరుకు పేరుతో మూడు భాషలూ దాన్ని పిలుస్తున్నాయి.

ఈ మాటల తవ్వకం ఊరికే మొదలవలేదు. కాచిగూడలో, కుత్బీగూడ వైపు ఒక గల్లీలో, పై అంతస్తులో కిరాయికి ఉండే మా భాంజీ ఇంట్లోనే మోంబత్తీలు చేసి అమ్ముతుంది. షాదీల్లో మెహమాన్లకు ఇచ్చే చిన్న గ్లాసు మోంబత్తీలు, దీపావళికి రంగురంగులవి, డిసెంబర్‌లో నారాయణగూడ, చిక్కడపల్లి వైపు క్రిస్టియన్ ఇళ్లకు తెల్లటి పొడుగువి. మొదట్లో గిన్నెలో గిన్నె పెట్టి రెండు కిలోలు కరిగించేది. అల్లాహ్ బర్కత్ ఇచ్చాడు, ఆర్డర్లు పెరిగాయి. ఇప్పుడు ఒక్కసారికి ఇరవై కిలోలు కరిగించాల్సిన జరూరత్ వచ్చింది. "మాము, దేగ్ తీసుకోమంటారా, మిషన్ తీసుకోమంటారా?" అని అడిగింది. ఇంట్లో రాయ్ రెండుగా చీలింది. బిర్యానీ దేగ్ కిరాయికి దొరుకుతుంది, పెద్ద బర్నర్ మీద పెడితే అరగంట పని అని ఆమె సాస్. ఆన్‌లైన్‌లో మిషన్ తెప్పిద్దాం అని దేవర్. తారీఖు పుస్తకాల పిచ్చివాడినైన నన్ను వంటసామాను గురించి అడగడం ముందు నవ్వు తెప్పించింది. కాని ఆ ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలున్నారు. కిందికి దిగడానికి ఒకే ఒక్క సన్నటి మెట్ల దారి. ఆ సవాల్‌ను మజాక్‌గా తీసుకోలేకపోయాను. పుస్తకాలు తిరగేస్తే, ఆమె మస్లాకు జవాబు తారీఖులోనే ఉందని తేలింది.

ఏ సరుకుకు ఏ పాత్ర అన్న ప్రశ్న మన ఉలమా, హకీముల జమానాలో పెద్ద ఇల్మ్. 925 ప్రాంతంలో వఫాత్ అయిన అబూ బక్ర్ అల్ రాజీని హకీముల ఖాందాన్లు ఇప్పటికీ అదబ్‌తో తలుచుకుంటాయి. ఆయన కితాబుల్ అస్రార్‌లో పనిసామాన్లను రెండు వర్గాలుగా విడదీశాడు. లోహాలు కరిగించే సామాను ఒకటి: కొలిమి, తిత్తి, మూస, గరిట, పట్టకారు వగైరా. మిగతా పదార్థాలను కాచడానికి, వడకట్టడానికి, అర్ఖ్ తీయడానికి వాడే సామాను రెండోది. లోహానికి మంట ఎంత తగిలితే అంత పని. మైనం, నూనె, రెజిన్ లాంటివి అలా కాదు. వాటి మిజాజ్ వేరు. మంట నేరుగా తగిలితే పాడైపోతాయి, లేదా అంటుకుంటాయి.

ఇంగ్లాండులో ఇదే ఫర్క్ వల్ల ఒకే పనివాళ్లు రెండు జమాత్‌లయ్యారు. లండన్‌లో కొవ్వొత్తులు చేసేవారి సంఘానికి 1462లో రాజు సనద్ దొరికింది. మైనపువత్తులు చేసేవారి సంఘానికి 1484లో విడిగా ఇంకొకటి దొరికింది. రెండూ వెలిగేవే కదా, రెండు సంఘాలెందుకు? పని వేరు, పాత్ర వేరు. జంతువుల కొవ్వును పెద్ద బానలో కాచి, వత్తుల వరసను మళ్లీ మళ్లీ ముంచి తీసేవారు. తేనెమైనం ఖరీదు ఎక్కువ, చల్లారితే ముడుచుకుంటుంది, అచ్చుకు అంటుకుని రాదు. అందుకని చిన్న పాత్రలో కరిగించి, వేలాడదీసిన వత్తి మీద గరిటెతో పోస్తూ, తర్వాత బల్ల మీద దొర్లించి నునుపు చేసేవారు. కొవ్వొత్తి బీదవాళ్ల ఇంట్లో కంపు కొట్టేది, మైనపువత్తి చర్చిలో, రాజుల మహళ్లలో వెలిగేది.

ఖాహిరాలో ఇంకో రంగు చూస్తాం. 1442లో వఫాత్ అయిన అల్ మఖ్రీజీ తన ఊరి బజార్ల గురించి రాసినప్పుడు సూఖ్ అల్ షమ్మాఈన్, అంటే మోంబత్తీలు చేసేవాళ్ల బజారు గురించి ప్రత్యేకంగా రాశాడు. అల్ అఖ్మర్ మస్జిద్ దగ్గర ఆ దుకాణాలు అర్ధరాత్రి దాకా తెరిచి ఉండేవట. రమజాన్ వచ్చిందంటే బజారు ఖుష్‌హాల్. పిల్లలు తరావీహ్ వైపు మోంబత్తీలు పట్టుకుని నడిచేవారు. బండి మీద తప్ప కదలనంత పెద్దవి కూడా అక్కడ చేసేవారు. ఇంత పెద్ద ఎత్తున కరిగించాలంటే పాత్రల గురించి వాళ్లు ఎంత తజుర్బా సంపాదించి ఉంటారో!

మన దేశానికి వస్తే, అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో షమాలకు ఒక ఆయీనే కేటాయించాడు. సూర్యాస్తమయం కాగానే బంగారు, వెండి షమాదాన్‌లలో 12 కాఫూరీ షమాలు వెలిగించి బాద్‌షా ముందుకు తెచ్చేవారని అందులో ఉంది. ఆ కాలంలో చిరాగ్ అందరిది, షమా కొందరిది. మట్టి ప్రమిదలో ఆముదం, నువ్వులనూనె పోసుకుంటే ఏ గుడిసెలోనైనా వెలుగు. షమాకు మాత్రం మోమ్ కావాలి. మోమ్ కావాలంటే అడవిలో తేనెపట్టు కొట్టే మనిషి కావాలి. నల్లమలలో చెంచులు నేటికీ ఆ పని చేస్తున్నారు. తాడు పట్టుకుని బండరాయి మీదుగా వేలాడి, పొగబెట్టి పట్టు కోసుకొచ్చే మనిషి చెమట లేకుండా ఏ దర్బార్‌లోనూ షమా వెలగలేదు. తారీఖు పుస్తకాల్లో షమాదాన్ వజన్ రాస్తారు, ఆ మనిషి పేరు రాయరు.

హైదరాబాద్ దక్కన్‌లో షమా అంటే చౌమహల్లా గుర్తొస్తుంది. ఖిల్వత్ ముబారక్ దర్బార్ హాలులో 19 బెల్జియం బిల్లూర్ ఝాడ్‌లు వేలాడుతున్నాయి. ఝాడ్ అనే వస్తువే మోంబత్తి కోసం పుట్టింది. గాజు కొమ్మ చివర గిన్నెలాంటిది మైనం చుక్కను పట్టడానికి. ఇప్పుడు అందులో బల్బు కూర్చుంది, గిన్నె మాత్రం అలాగే ఉంది. కాచిగూడ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కోఠీలో, 19వ శతాబ్దం మొదటి ఏళ్లలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఉంది. అక్కడి దర్బార్ హాలులోనూ ఇదే షాన్. ముషాయిరాలో షమా ఏ షాయిర్ ముందుకు వస్తే వాళ్లు చదివే రివాజ్ మనకు తెలిసిందే. ఆ రివాజ్‌ను కళ్లకు కట్టే ‘దిల్లీ కీ ఆఖ్రీ షమా’ రాసిన మిర్జా ఫర్హతుల్లా బేగ్ పుట్టింది దిల్లీలో, నౌకరీ చేసిందీ 1947లో వఫాత్ అయ్యిందీ మన హైదరాబాద్‌లోనే. దిల్లీ ఆఖరి షమా గురించి రాసిన కలం ఇక్కడి సిరాతో నడిచింది. ఈ సంగతి మన పిల్లలకు చెప్పాలి.

దర్బార్లలో మోమ్ వెలిగిన చోటు తెలుస్తుంది, కరిగిన చోటు తెలియదు. అది తెలియాలంటే దవాఖానాల వైపు వెళ్లాలి. యూనానీ తిబ్‌లో మోమ్ లేకుండా మర్హమ్ లేదు. రోగన్‌లో మోమ్ కరిగించి, దించి, చల్లారుతుండగా మిగతా దవాలు కలిపితే మర్హమ్. మెత్తగా, పలుచగా ఉండే రకాన్ని ఖైరూతీ అంటారు. ఈ మాట యూనానీ భాషలో మైనానికి ఉన్న ‘కేరోస్’ నుంచి వచ్చింది. చార్మినార్ పక్కన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో లేచిన నిజామియా తిబ్బీ దవాఖానా ముందు నుంచి మనం ఎన్నిసార్లు వెళ్లి ఉంటాం! ఎర్రగడ్డ వైపు చర్మవ్యాధులకు పేరుపడ్డ యూనానీ పరిశోధన సంస్థ ఉంది. కాచిగూడకు ఆనుకుని ఉన్న అంబర్‌పేటలో, 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ ఫ్యాక్టరీ ఉంది. ఈ షహర్‌కు మోమ్, రోగన్, అర్ఖ్ కొత్త కాదు.

ఆ తిబ్ కితాబుల్లో ఒక పద్ధతి పేరు హమ్మామె మారియా. ఒక పెద్ద పాత్రలో నీళ్లు పోసి మంట మీద పెడతారు. అందులో ఇంకో పాత్ర నిలబెట్టి, దవా దాంట్లో వేస్తారు. మంట తగిలేది నీళ్లకు, నీళ్ల వేడి తగిలేది దవాకు. మారియా ఎవరు? క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో మిస్ర్‌లో ఉన్న ఒక యహూదీ మహిళ, కీమియాలో ఉస్తాద్. ఆమె రాసినవేవీ పూర్తిగా మిగలలేదు. 300 ప్రాంతంలో మిస్ర్‌లోనే ఉన్న జోసిమస్ అనే కీమియాగర్ ఆమె మాటల్ని, ఆమె పొయ్యిల్ని, పాత్రల్ని తన రాతల్లో పదిలం చేశాడు. నీళ్ల పొయ్యికి ఆమె పేరే నిలిచిపోయింది. ఫ్రాన్స్ వంటవాళ్లు దాన్ని ఇప్పటికీ ‘మారీ స్నానం’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ కితాబుల మీదుగా అదే పేరు మన హకీములకు చేరింది. రాజులు, నవాబుల పేర్లు నిలవడం మామూలే. ఒక ఔరత్ పేరు వంటపాత్ర మీద దాదాపు 1,700 ఏళ్లు నిలవడం మామూలు సంగతి కాదు.

ఆ పద్ధతిలో హికమత్ ఏమిటంటే, నీళ్లు అబద్ధం చెప్పవు. ఎంత మంట పెట్టినా, మూత బిగించకుండా కాచే నీళ్లు మరుగుడు దాటి వేడెక్కవు. మన హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తేనెమైనం కరిగేది 62-64 డిగ్రీల్లో. అంటే కరగడానికి చాలినంత వేడి ఉంటుంది, కాలిపోవడానికి చాలినంత ఉండదు. థర్మామీటర్ లేని కాలంలో ఇంతకంటే మంచి పహరాదార్ ఎవరు దొరుకుతారు?

హకీములు ఇంకో షరతు కూడా పెట్టారు: పాత్ర కలాయీ చేసినదై ఉండాలి. దీనికీ కారణం ఉంది. రాగి తగిలితే మోమ్ ఆకుపచ్చగా తిరుగుతుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. అందుకే రాగి దేగ్ లోపల నౌసాదర్ చల్లి, తగరం పూసే కలాయీగర్ మన మొహల్లాల్లో జరూరీ మనిషి. కాని కలాయీకి ఒక హద్దు ఉంది. తగరం 232 డిగ్రీల్లో కరుగుతుంది. ఖాళీ దేగ్‌ను మంట మీద మరిచిపోతే కలాయీ ముద్దలు కట్టిపోవడం మన నానమ్మల కాలం వాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు బేగంబజార్ నిండా స్టీలు పాత్రలే. మోమ్‌కు స్టీలు మంచిదే, అల్యూమినియం కూడా పనికొస్తుంది. పాత రాగి దేగ్ అటక మీద ఉందని దాన్ని దించకండి.

ఇక పారఫిన్ కథ. 1820లలో ఫ్రాన్స్‌లో షెవ్రెల్ కొవ్వును విడదీసి, అందులోంచి గట్టిగా, తెల్లగా ఉండే స్టియరిన్ తీసే దారి చూపాడు. 1825లో అల్లిక వత్తి వచ్చింది. అది కాలుతూ వంగి తనంతట తాను బూడిదైపోతుంది. దాంతో కత్తెర పట్టుకుని వత్తి కొసలు కత్తిరించే నౌకర్ పని పోయింది. 1834లో అచ్చు యంత్రం వచ్చింది. కొవ్వు అనేసరికి మనవాళ్లకు 1857 గుర్తొస్తుంది. ఎన్‌ఫీల్డ్ తూటాలకు పూసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న షక్ సిపాహీల్లో మంట రాజేసింది. ఆ ఏడాది జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఇవాళ కూడా మోంబత్తిని గట్టిపరచడానికి కలిపే స్టియరిక్ యాసిడ్ పామాయిల్ నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. కొనే ముందు దుకాణదారును అడగండి. జాయజా, నాజాయజా అన్నది ఆలిముల పని, నాది కాదు. అడగడం మాత్రం మన హక్కు.

పారఫిన్ వచ్చాక ఈ షక్‌లు చాలావరకు తీరాయి. 1850లో జేమ్స్ యంగ్ బొగ్గు నుంచి నూనె, పారఫిన్ తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే లండన్‌లోని ప్రైస్ కంపెనీ బర్మా నుంచి వచ్చిన రంగూన్ నూనెతో మోంబత్తీలు చేయసాగింది. 1886లో బర్మా ఆయిల్ కంపెనీ పుట్టింది, రంగూన్ ఎదురుగా సిరియమ్‌లో దాని రిఫైనరీ లేచింది. ఇక్కడ మన తెలుగువాళ్ల కథ కలుస్తుంది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలమంది రంగం వెళ్లారు. అక్కడ వాళ్లను కోరంగీలు అన్నారు. రేవు కూలీ, రిఫైనరీ కూలీ, రిక్షా కూలీ, ఏది దొరికితే అది. బర్మా మైనం దేశదేశాల బల్లల మీద వెలుగుతున్న రోజుల్లో రంగూన్ రేవులో బస్తాలు మోసిన భుజాలు చాలావరకు మనవాళ్లవే. దేశం లోపల అస్సాంలోని దిగ్బోయ్ రిఫైనరీ 1901లో మొదలైంది. అదే అస్సాంలో నుమాలిగఢ్ దగ్గర 2015లో ఏడాదికి 50 వేల టన్నుల మైనం తీసే ప్లాంటు వచ్చింది. మా భాంజీ కొనే తెల్లటి పలకలు ఏ రిఫైనరీవో ఆమెకు తెలియదు. 58-60 గ్రేడ్ అని సంచి మీద చూసి తెచ్చుకుంటుంది. ఆ అంకెలు కరిగే డిగ్రీలు. ఏ పాత్ర కొనాలన్న హిసాబ్ మొదలయ్యేది అక్కడే.

బరువైన సరుకు చౌకగా ఇంటిదాకా రావాలంటే రైలు కావాలి. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు రైలు వచ్చాక బొంబాయి రేవు దగ్గరైంది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్, గుంబద్‌లూ మినార్‌లతో, నిజాం రైల్వేకు సదర్ ముఖామ్ అయింది. స్టేషన్ ముందు నిలబడి చూస్తే అది మహలా, స్టేషనా అని కొత్తవాళ్లు అడుగుతారు. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ఖానా మొదలైంది. రోజువారీ వెలుగుకు మోంబత్తి ఖిద్మత్ అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోలేదు. 2012-13లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు కిరాణా కొట్లో మొదట అయిపోయిన సరుకు మోంబత్తే. ఇప్పుడు ఇన్వర్టర్లు వచ్చాయి. మోంబత్తి వెలుగు కోసం కాకుండా ఖుష్బూ కోసం, ఖుషీ కోసం అమ్ముడవుతోంది. అందుకే కార్ఖానాల చేతిలోంచి జారి మళ్లీ ఇళ్లలోకి, ఎక్కువగా ఔరతుల చేతుల్లోకి వచ్చింది. గడప దాటకుండా హలాల్ రిజ్క్ సంపాదించుకునే హునర్ ఇది. దాన్ని మెట్ల మీద పొగలో పోగొట్టుకోకూడదు.

ఇప్పుడు దేగ్ సంగతి. బిర్యానీ దేగ్‌ను నేరుగా బర్నర్ మీద పెట్టి మైనం కరిగిస్తే ఏమవుతుంది? బిర్యానీలో నీళ్లున్నాయి, అడుగంటినా వాసన వచ్చి హెచ్చరిస్తుంది. మైనంలో నీళ్లు లేవు. మైనం వేడిని పైకి త్వరగా పంపదు కూడా. అడుగున కరిగిపోయి మరిగేంత వేడెక్కుతుంది, పైన మాత్రం గట్టి పలక అలాగే మూతలా కూర్చుంటుంది. కరిగిన మైనం గట్టి మైనం కన్నా పదో వంతుకు పైగా ఎక్కువ చోటు అడుగుతుంది. చోటు లేకపోతే పై పెచ్చును పగలగొట్టుకుని ఎగజిమ్ముతుంది. కింద బర్నర్ మంట సిద్ధంగా ఉండనే ఉంది. పారఫిన్ ఆవిరి దాదాపు 200 డిగ్రీల దగ్గర నిప్పు అందుకుంటుంది. పెద్ద బర్నర్ మీద అడుగు ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అంటుకున్నాక మన చేయి మొదట వెళ్లేది నీళ్ల బకెట్ వైపే. అది అన్నిటికన్నా పెద్ద ఖతరా. నీళ్లు మైనం కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి. లీటరు నీళ్లు 1,600 లీటర్లకు పైగా ఆవిరి అవుతాయి. ఆ ఆవిరి మండే మైనాన్ని పైకప్పు దాకా చిమ్ముతుంది. ఖుదా నఖ్వాస్తా అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత పెట్టాలి. మూత అందకపోతే పొడి పౌడర్ సిలిండర్ వాడాలి. అదీ కుదరకపోతే పిల్లల్ని తీసుకుని బయటికి రావాలి. సామాన్ తర్వాత చూసుకోవచ్చు.

అందుకని సాస్ మాట సగం ఒప్పుకున్నాను: దేగ్ తీసుకోండి, కాని రెండు తీసుకోండి. పెద్దదాంట్లో నీళ్లు, చిన్నదాంట్లో మైనం. ఇరవై కిలోల పారఫిన్ కరిగితే 26 లీటర్ల దాకా అవుతుంది. అంచు దాకా నింపకూడదు కాబట్టి లోపలి పాత్ర 35 లీటర్లదైనా ఉండాలి. దాని అంచు బయటి పాత్ర అంచు కన్నా నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. లేకపోతే ఆవిరి నీటిచుక్కలై మైనంలో పడుతుంది, ఆ మోంబత్తి వెలిగించినప్పుడు చిటపటమంటుంది, గ్రాహకుడు మళ్లీ రాడు. లోపలి పాత్ర అడుగు బయటిదాన్ని తాకకుండా కింద ఒక ఇనుప స్టాండు పెట్టాలి. పలకల్ని ముక్కలుగా కొట్టి, కొంచెం కొంచెం వేయాలి. నీళ్లు ఇంకిపోతున్నాయా అని చూస్తూ ఉండాలి. నీళ్లు అయిపోయిన హమ్మామ్ మామూలు దేగ్ మంటతో సమానం. మైనానికి ప్రెషర్ కుక్కర్ మాట ఎత్తవద్దు. మూత బిగిస్తే నీళ్లు మరుగుడు దాటుతాయి, మారియా హికమత్ అక్కడితో ఖతమ్.

ఈ పద్ధతిలో నుక్సాన్ ఒకటి ఉంది, చిన్నది కాదు. కరిగాక ఇరవై కిలోల వేడి మైనాన్ని అచ్చుల దగ్గరికి ఎలా తీసుకెళ్తారు? ఇద్దరు ఔరతులు చెరో పిడి పట్టుకుని, దుపట్టా కింద పడుతుంటే, ఆ బరువు ఎత్తడం ఊహించుకోండి. ఎత్తకూడదు. చిన్న గరిటె చెంబుతో తోడుకుని పోయాలి, లేదా పాత్రకు అడుగున టాప్ వేయించాలి. టాప్ అనేసరికి మిషన్ వైపు వచ్చినట్టే.

దేవర్ చెప్పిన మిషన్ అసలు అదే హమ్మామె మారియా, కరెంటు తొడుక్కుని వచ్చింది. రెండు గోడల స్టీలు టాంకు, మధ్యలో నీళ్లు లేదా నూనె, అడుగున హీటర్, పక్కన థర్మోస్టాట్, కింద టాప్. దీని హిసాబ్ కూడా వేసి చూశాను. ఇరవై కిలోల మైనాన్ని ఇంటి వేడి నుంచి 80 డిగ్రీలకు తేవడానికి మైనం మాత్రమే తాగే కరెంటు రెండు యూనిట్లకు కాస్త తక్కువ. గోడల మధ్య 15 లీటర్ల నీళ్లుంటే వాటికి ఇంకో యూనిట్. గాలికి పోయేది కలిపితే మూడున్నర అనుకోండి. 2,000 వాట్ల హీటర్‌తో ఒకటిన్నర నుంచి రెండు గంటలు. "ఇంతసేపా?" అని భాంజీ ముఖం చిన్నబోయింది. అరగంటలో కరిగించే సామాను ఏదైనా మైనాన్ని దాని హద్దు దాటించే కరిగిస్తుంది. ఫజ్ర్ తర్వాత స్విచ్ వేస్తే పిల్లలు స్కూలుకు వెళ్లేసరికి మైనం తయారు. పిల్లలు ఇంట్లో లేని ఆ గంటల్లోనే పోయడం మంచిది.

కొనేటప్పుడు చూడాల్సినవి నేను ఆమెకు ఫోన్‌లో ఇలా చెప్పాను. గోడల మధ్య నూనె ఉన్న మిషన్ కన్నా నీళ్లున్నది తీసుకో. థర్మోస్టాట్ పాడైనా నీళ్లు 98 దగ్గర ఆపుతాయి, నూనెకు ఆ దయ లేదు. హీటర్ రాడ్ మైనంలోనే మునిగి ఉండే చౌక రకాలు వద్దు, రాడ్ చుట్టూ మైనం మాడుతుంది. నీళ్లు కాచుకునే ఇమర్షన్ రాడ్ మైనంలో పెట్టడం అంతకన్నా ఘోరం. 2,000 వాట్లకు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, అందుకని మిక్సీ ప్లగ్గులో కాదు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాలి. పాత కిరాయి ఇళ్ల వైరింగ్ ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. గ్యాస్ మీద దేగ్ పద్ధతే నిలుపుకుంటే ఇంటి ఎర్ర సిలిండర్ వ్యాపారానికి వాడటం కానూన్ ప్రకారం కుదరదు, 19 కిలోల కమర్షియల్‌ది తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే మిషన్ అంత మహంగా అనిపించదు.

మిషన్ ఎక్కడ పెట్టాలన్నది ఆమె ఇంట్లో అసలు మస్లా. వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన వద్దు. మెట్ల దగ్గరున్న ఖాళీ జాగా వీలుగా ఉంటుందని ఆమె షౌహర్ అన్నాడు. ఒకే దారి ఉన్న ఇంట్లో ఆ దారిలోనే మైనం పెడితే, ఏదైనా అయితే ఎటు దిగుతారు? వెనక వరండాలో, గోడ వైపు, వాన తగలకుండా పెట్టమన్నాను. పక్కన పొడి పౌడర్ సిలిండర్ ఒకటి, టాంకుకు సరిపోయే స్టీలు మూత ఒకటి వేలాడదీసి ఉంచమన్నాను.

సాస్ చివరికి ఒకటే అడిగింది: పోస్తుండగా మధ్యలో కరెంటు పోతే? మంచి సవాల్. గోడల మధ్య వేడినీళ్లు ఉన్నంతసేపు టాంకులో మైనం గడ్డకట్టదు. మొదట గడ్డకట్టేది టాప్‌లో, ఎందుకంటే అది బయట గాలికి ఉంటుంది. టాప్‌ను నిప్పుతో, లైటర్‌తో వేడిచేయకూడదు. గుడ్డను వేడినీళ్లలో ముంచి, పిండి, టాప్ చుట్టూ రెండు మూడు సార్లు చుడితే లోపలి మైనం మెల్లగా జారుతుంది.